బిగ్ బ్యాంగ్‌కి పోటీ థియరీలు: ఏవి పోయాయి, ఏవి ఇంకా బతికున్నాయి

అడిగింది క్లుప్తంగా ఇదీ: జేమ్స్ వెబ్ టెలిస్కోప్ వచ్చాక బిగ్ బ్యాంగ్ తప్పని తేలిపోయిందని వీడియోలు తెగ తిరుగుతున్నాయి, నిజమేనా, టైర్డ్ లైట్, హాయిల్-నార్లీకర్‌ల స్టెడీ స్టేట్, పెన్‌రోజ్ చెప్పే మళ్ళీ మళ్ళీ పుట్టే విశ్వం, మనం బ్లాక్ హోల్ లోపల ఉన్నామనే వాదన, వీటిల్లో దేనికి దమ్ముంది, సైంటిస్టులు కావాలనే వీటిని తొక్కేస్తున్నారా అని.

చాలా ఏళ్ళుగా ఈ సబ్జెక్ట్ చదువుతూ, చెబుతూ వచ్చినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. బిగ్ బ్యాంగ్ అని మనం ఒక్క మాటలో అనేసే దాంట్లో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, సుమారు 1380 కోట్ల ఏళ్ళ కిందట విశ్వం విపరీతమైన వేడితో, దట్టంగా ఉండేది, అప్పట్నుంచీ విస్తరిస్తూ చల్లబడుతూ వస్తోంది అనేది. రెండోది ఆ వేడి దశకి ముందు ఏముంది, అసలు మొదలంటూ ఉందా అనేది. మూడోది ఇప్పుడు ఆ విస్తరణ వేగం ఎందుకు పెరుగుతోంది అనేది. మొదటి దాని మీద కేసు దాదాపు మూసేశారు, అక్కడ పోటీకి వచ్చిన థియరీలన్నీ ఏదో ఒక కొలత దగ్గర చతికిలపడ్డాయి. రెండోదీ మూడోదీ మాత్రం బార్లా తెరిచే ఉన్నాయి, వాటి మీద పేరున్న వాళ్ళే రోజూ కొట్టుకుంటున్నారు. వీడియోల వాళ్ళు చేసే పని ఏంటంటే రెండు, మూడు మీద జరిగే గొడవని పట్టుకొచ్చి మొదటిది కూలిపోయిందని చెప్పడం.

ఇక టైర్డ్ లైట్ సంగతి. 1929 లో హబుల్ తన పేపర్ వేశాడు, దూరంగా ఉన్న గెలాక్సీల వెలుగు ఎక్కువ రెడ్‌షిఫ్ట్ (అంటే వెలుగు తరంగం సాగి ఎరుపు వైపు జరగడం) చూపిస్తోందని. అదే ఏడాది ఫ్రిట్జ్ జ్విక్కీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక అనుమానం లేవదీశాడు: గెలాక్సీలు దూరం జరుగుతున్నాయని ఎందుకనుకోవాలి, అంత దూరం ప్రయాణం చేసిన వెలుగు దారిలో కొంచెం కొంచెంగా ఎనర్జీ పోగొట్టుకుని అలిసిపోయి ఎర్రబడి ఉండొచ్చు కదా అని. అప్పటికి ఉన్న డేటాతో చూస్తే అది చాలా న్యాయమైన ప్రశ్న, హబుల్ కూడా రెడ్‌షిఫ్ట్‌కి అర్థం చెప్పే విషయంలో చాలా ఏళ్ళు జాగ్రత్తగానే మాట్లాడాడు. కాబట్టి టైర్డ్ లైట్ అంటే ఏదో పిచ్చివాళ్ళ థియరీ అని నవ్వే వాళ్ళని చూస్తే నాకు చిరాకు. అది పోయింది నవ్వుల వల్ల కాదు, కొలతల వల్ల.

ఏ కొలతలంటే, మొదటిది సూపర్‌నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు. టైప్ వన్-ఏ రకం సూపర్‌నోవా ఎక్కడ పేలినా వెలుగు పెరిగి తగ్గే తీరు ఇంచుమించు ఒకేలా ఉంటుంది, వాటి మధ్య ఉండే చిన్న తేడాల్ని కూడా లెక్కలో సరిచేయొచ్చు. ఇప్పుడు స్పేస్ నిజంగా విస్తరిస్తుంటే అక్కణ్ణించి వచ్చే ప్రతిదీ సాగాలి, వెలుగు తరంగమే కాదు, ఆ పేలుడు జరిగిన టైం కూడా. రెడ్‌షిఫ్ట్ 0.5 దగ్గర, అంటే తరంగం ఒకటిన్నర రెట్లు సాగే చోట, 20 రోజుల్లో జరగాల్సింది మనకి 30 రోజులు పట్టినట్టు కనపడాలి, స్లో మోషన్‌లో సినిమా చూసినట్టు. వెలుగు ఊరికే అలిసిపోయిందనుకుంటే రంగు మారుతుంది గానీ 20 రోజులు 20 రోజులుగానే ఉండాలి. 1990ల నుంచీ కొలుస్తూనే ఉన్నారు, 2024 లో డార్క్ ఎనర్జీ సర్వే వాళ్ళు 1,500 పైచిలుకు సూపర్‌నోవాలతో చూస్తే, సాగడం అనేది విస్తరణ చెప్పిన లెక్కకి అచ్చంగా సరిపోయింది. ఇక్కడ టైర్డ్ లైట్ తప్పించుకోవడానికి దారి లేదు.

రెండోది మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్, అంటే ఆకాశం నలుమూలల నుంచీ ఒకే రకంగా వచ్చే 2.725 కెల్విన్ (పరమ శూన్య ఉష్ణోగ్రత కంటే 2.7 డిగ్రీలే పైన) రేడియేషన్. ఇది పర్ఫెక్ట్ బ్లాక్‌బాడీ, అంటే మొత్తం ఒకే టెంపరేచర్‌లో ఉన్న వేడి వస్తువు వదిలే రేడియేషన్ ఆకారం, 1990 లో కోబీ శాటిలైట్ మొదటి గ్రాఫ్ చూపించినప్పుడు సైంటిస్టుల మీటింగ్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, థియరీ గీతకీ కొలతలకీ తేడా కంటికి కనపడలేదు. ఫోటాన్ల (వెలుగు కణాల) ఎనర్జీ మాత్రమే తగ్గి వాటి సాంద్రత తగ్గకపోతే ఆ బ్లాక్‌బాడీ ఆకారం చెడిపోతుంది, స్పేస్ కూడా విస్తరిస్తేనే రెండూ సరైన నిష్పత్తిలో తగ్గి ఆకారం నిలబడుతుంది. పైగా దీని టెంపరేచర్‌ని పాతకాలంలో కూడా కొలవొచ్చు, చాలామందికి ఈ సంగతి తెలీదు. దూరంగా ఉన్న గ్యాస్ మేఘాల్లో కార్బన్ మోనాక్సైడ్ లాంటి అణువులు అప్పటి రేడియేషన్ వేడికి ఎంత కదిలాయో వాటి స్పెక్ట్రంలో, అంటే రంగులుగా విడదీసిన వెలుగులో, తెలిసిపోతుంది. శ్రీఆనంద్ టీం వాళ్ళు 2008 లో రెడ్‌షిఫ్ట్ 2.4 దగ్గర కొలిస్తే 9 కెల్విన్ పైచిలుకు వచ్చింది. విస్తరణ లెక్క ప్రకారం అక్కడ ఉండాల్సింది 9.3. అంటే విశ్వం ఒకప్పుడు ఇంకా వేడిగా ఉండేదన్నది ఊహ కాదు, థర్మామీటర్ పెట్టి చూసినంత పని.

ఖగోళ శాస్త్రవేత్త హాల్టన్ ఆర్ప్ గురించి కూడా కొందరు ఎత్తుతుంటారు కాబట్టి ఒక మాట. ఒకే చోట ఉన్నట్టు కనిపించే గెలాక్సీకీ క్వేసార్‌కీ (చాలా దూరాన విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రానికీ) వేరు వేరు రెడ్‌షిఫ్ట్‌లు ఉన్నాయి, కాబట్టి రెడ్‌షిఫ్ట్ దూరాన్ని చెప్పదు అన్నాడాయన. వందల్లో క్వేసార్లు తెలిసినప్పుడు అది ఆసక్తికరంగానే ఉండేది, ఇప్పుడు లక్షల్లో తెలుసు, అంతమందిలో కొందరు వేరే గెలాక్సీ పక్కన కనపడటం యాదృచ్ఛికమే అని లెక్క తేలిపోయింది.

స్టెడీ స్టేట్ దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఓడిపోయిన థియరీల్లో నాకు బాగా ఇష్టమైంది ఇదే. 1948 లో హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ కలిసి ఒక పేపర్, ఫ్రెడ్ హాయిల్ విడిగా ఇంకో పేపర్ రాశారు. విస్తరణని వాళ్ళు ఒప్పుకున్నారు, దాన్ని కాదన్నారని చాలామంది పొరపాటు పడతారు. వాళ్ళన్నది ఏంటంటే విశ్వం విస్తరిస్తుంటే మధ్యలో ఏర్పడే ఖాళీలో కొత్త పదార్థం పుడుతూ ఉంటుంది, దాంతో ఎప్పుడు చూసినా విశ్వం ఒకేలా ఉంటుంది, మొదలూ లేదు తుదీ లేదు. ఎంత పుట్టాలి అంటే ఒక క్యూబిక్ మీటర్‌లో సుమారు వంద కోట్ల ఏళ్ళకి ఒక్క హైడ్రోజన్ పరమాణువు పుడితే చాలు. ఏ ల్యాబ్‌లోనూ ఇది దొరకదు కాబట్టి ఎనర్జీ నియమం తప్పింది అని వెంటనే కొట్టిపారేయడం కూడా కుదరదు, హాయిల్ అన్నది అదే, మొత్తం విశ్వం ఒక్కసారిగా ఊడిపడిందంటే నమ్మినవాళ్ళు ఒక్కో పరమాణువు పుడుతోందంటే ఎందుకు నమ్మరు అని.

ఇంకోటి, అప్పట్లో బిగ్ బ్యాంగ్‌కి పెద్ద తలనొప్పి ఉండేది. హబుల్ లెక్కేసిన విస్తరణ రేటు మెగాపార్సెక్‌కి (సుమారు 33 లక్షల లైట్ ఇయర్స్ దూరానికి) సెకనుకి 500 కిలోమీటర్లు, దాన్ని వెనక్కి తిప్పితే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్ళే వస్తుంది, కానీ భూమ్మీద రాళ్ళ వయసే అంతకంటే ఎక్కువ. తల్లికంటే పిల్ల పెద్దది అన్నమాట. స్టెడీ స్టేట్‌కి ఆ బాధే లేదు. తర్వాత 1952 లో వాల్టర్ బాడే దూరాల లెక్కలో తప్పు పట్టుకుని సరిచేశాక వయసు రెట్టింపయింది, తర్వాత ఇంకా పెరిగింది, ఆ పేచీ తీరిపోయింది. ఐన్‌స్టీన్ కూడా 1931 లో ఇలాంటి ఒక మోడల్ రాసి, లెక్కలో లోపం కనపడి పక్కన పడేశాడు, ఆ కాగితాలు ఏంటో పరిశోధకులు గుర్తించింది ఈమధ్య, అంటే 2013 ప్రాంతంలో.

ఎక్కడ పోయిందంటే, ఈ థియరీ గొప్పతనమే దాని బలహీనత: విశ్వం ఎప్పుడూ ఒకేలా ఉండాలని గట్టిగా చెప్పింది, అంటే దూరంగా చూసినా (దూరంగా చూడటం అంటే గతంలోకి చూడటమే) ఇక్కడున్నట్టే ఉండాలి. కేంబ్రిడ్జిలో మార్టిన్ రైల్ రేడియో గెలాక్సీలని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, 1955 లో వేసిన మొదటి లెక్క తప్పులతడక, హాయిల్ వర్గం దాన్ని ఎగతాళి చేసింది కూడా, కానీ 1961 కల్లా మంచి డేటా వచ్చేసరికి గతంలో రేడియో సోర్సులు ఇప్పటికంటే ఎక్కువ ఉన్నాయని తేలిపోయింది. క్వేసార్లదీ అదే కథ. తర్వాత 1965 లో పెన్‌జియాస్, విల్సన్ తమ యాంటెనాలో ఎంత ప్రయత్నించినా పోని గోల 3.5 కెల్విన్ ఉందని చెప్పడం, అది ఆల్ఫర్, హెర్మన్ 1948 లోనే సుమారు 5 కెల్విన్ ఉండాలని చెప్పిన రేడియేషనే కావడం, స్టెడీ స్టేట్ అక్కడితో దాదాపు అయిపోయింది.

ఇందులో ఒక విచిత్రం చెప్పాలి. బంగారం, ఇనుము, కార్బన్ లాంటి బరువైన మూలకాలు నక్షత్రాల్లో ఎలా తయారవుతాయో చూపించిన 1957 నాటి గొప్ప పేపర్‌లో హాయిల్ ఒకడు. బిగ్ బ్యాంగ్ అవసరం లేకుండా అన్ని మూలకాలూ నక్షత్రాల్లోనే వచ్చాయని చూపించాలన్నది ఆయన పట్టుదల, చాలా వరకూ నెగ్గాడు కూడా, ఈ రోజు మనం చదువుకునేది అదే. కానీ హీలియం దగ్గర లెక్క కుదరలేదు. విశ్వంలో మామూలు పదార్థం బరువులో దాదాపు నాలుగో వంతు హీలియం, నక్షత్రాలు ఇన్నేళ్ళుగా మండినా అంత తయారవదు. 1964 లో హాయిల్, టేలర్ కలిసి ఆ హీలియం రావాలంటే ఎక్కడో ఒక చాలా వేడి దట్టమైన దశ ఉండి తీరాలని లెక్కేసి చూపించారు. తన ప్రత్యర్థికి బలమైన సాక్ష్యాన్ని తనే రాసిచ్చాడన్నమాట, అయినా చివరిదాకా బిగ్ బ్యాంగ్‌ని ఒప్పుకోలేదు, అదీ ఆయన తీరు.

నార్లీకర్ గారు వచ్చేది ఇక్కడే. హాయిల్‌తో కలిసి 1964 లో కొత్త గ్రావిటీ థియరీ ఇచ్చారు, తర్వాత 1993 లో హాయిల్, జెఫ్రీ బర్బిడ్జ్, నార్లీకర్ ముగ్గురూ క్వాసీ స్టెడీ స్టేట్ అని కొత్త రూపం తెచ్చారు. పదార్థం నిదానంగా కాకుండా గెలాక్సీ కేంద్రాల లాంటి చోట్ల చిన్న చిన్న పేలుళ్ళుగా పుడుతుంది, విశ్వం మొత్తం మీద విస్తరిస్తూనే నాలుగైదు వేల కోట్ల ఏళ్ళకోసారి ఊపిరి తీసుకున్నట్టు పెరిగి తగ్గుతుంది. మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్‌ని ఏం చేస్తారు మరి? పాత సైకిల్స్‌లోని నక్షత్రాల వెలుగుని, సూపర్‌నోవాల్లోంచి వచ్చిన సన్నటి ఇనప నూలు పోగులు మింగి మళ్ళీ మైక్రోవేవ్‌గా వదులుతాయి అన్నారు. తెలివైన ఉపాయమే, టెంపరేచర్ కూడా దగ్గర దగ్గరగా వస్తుంది. కానీ ఆ రేడియేషన్‌లో లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులు ఉన్నాయి, వాటికి ఒక ప్రత్యేకమైన సైజుల వరస ఉంది, ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ దగ్గర పెద్ద శిఖరం, తర్వాత రెండోది, మూడోది. ఇది తొలినాళ్ళ వేడి ప్లాస్మాలో (ఎలక్ట్రాన్లు విడిపోయిన గ్యాస్‌లో) పరిగెత్తిన శబ్ద తరంగాల ముద్ర, పీబుల్స్, యూ అనే ఇద్దరు 1970 లోనే దీని లెక్క వేసేశారు, కొలిచింది మాత్రం 2000 ప్రాంతం నుంచే, ముందు బెలూన్ ప్రయోగాలు, తర్వాత డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ శాటిలైట్లు. పైగా అవే శబ్ద తరంగాలు గెలాక్సీల మధ్య దూరాల్లో కూడా కనపడాలి అంటే, 2005 లో గెలాక్సీల మ్యాప్ తీసే స్లోన్ సర్వేలో సుమారు 49 కోట్ల లైట్ ఇయర్స్ దూరం దగ్గర కనపడ్డాయి. ఇనప పోగులతో ఇవి రావు. తర్వాత అతికించి చూపించొచ్చేమో గానీ, కొలవకముందు చెప్పడం వేరు, కొలిచాక సర్దుబాటు చెయ్యడం వేరు.

అయితే నార్లీకర్ గారిని ఎవరో తొక్కేశారంటే నేనొప్పుకోను. ఆయన పుణెలో ఐయూకా అనే పెద్ద సంస్థ కట్టారు, 2025 మే లో పోయేదాకా తన అభిప్రాయం మార్చుకోలేదు, ఆయన కట్టిన సంస్థలోనే పైన చెప్పిన శ్రీఆనంద్ లాంటి వాళ్ళు బిగ్ బ్యాంగ్‌ని బలపరిచే కొలతలు చేశారు. ఇది తొక్కడం కాదు కదా. ఇంకో మాట కూడా స్టెడీ స్టేట్ పక్షాన చెప్పాలి, దాని ప్రకారం విస్తరణ వేగం పెరుగుతూ పోవాలి, మిగతా వాళ్ళంతా తగ్గుతుందని నమ్ముతున్న రోజుల్లో. 1998 లో సూపర్‌నోవా టీములు రెండు వేగం పెరుగుతోందనే కనిపెట్టాయి. కారణం వేరు అనుకోండి, కానీ ఆ ఒక్క విషయంలో పాతవాళ్ళ మాట నిజమైంది.

ఆ 1998 సంగతే తొక్కేస్తున్నారనే వాదనకి నా జవాబు. అప్పటిదాకా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదానికి పూర్తిగా రివర్స్ ఫలితం వస్తే కొన్నేళ్ళలోనే అందరూ ఒప్పుకున్నారు, 2011 లో నోబెల్ ఇచ్చారు. స్టాండర్డ్ మోడల్‌ని కూలదోసినవాడికి నష్టమేం లేదు ఈ ఫీల్డ్‌లో, పేరంతా వాడిదే.

ఇక ప్లాస్మా కాస్మాలజీ. ఆల్ఫ్వెన్ పెద్ద మనిషి, ప్లాస్మా ఫిజిక్స్‌కి 1970 లో నోబెల్, విశ్వ నిర్మాణంలో గ్రావిటీ కంటే విద్యుత్తు, మాగ్నెటిక్ ఫీల్డ్‌లదే పెద్ద పాత్ర అన్నాడు. అంకెలు అడిగితే, అంటే ఆ రేడియేషన్ శిఖరాలు ఎక్కడెక్కడ రావాలి, హీలియం ఎంత ఉండాలి అని అడిగితే ఇంతవరకూ ఆ పక్షం నుంచి సరైన లెక్క రాలేదు. అంతే, దీనికి ఇంతకంటే టైం పెట్టనవసరం లేదు.

జేమ్స్ వెబ్ గొడవకి వద్దాం. 2022 జులైలో మొదటి ఫొటోలు వచ్చాయి, అనుకున్నదానికంటే ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ వెలుగుతో తొలికాలపు గెలాక్సీలు కనపడ్డాయి, ఇది నిజం, ఇందులో అబద్ధం లేదు. రెడ్‌షిఫ్ట్ 14 దాటిన గెలాక్సీలు స్పెక్ట్రంతో ఖాయమయ్యాయి, అంటే విశ్వానికి 30 కోట్ల ఏళ్ళు కూడా నిండని రోజులవి. ఇంత తొందరగా అంత వెలుగు ఎలా అన్నది అసలైన పజిల్. కానీ ఆ పజిల్ గెలాక్సీలు ఎంత వేగంగా నక్షత్రాల్ని తయారు చేస్తాయనే దాని మీద, విశ్వం విస్తరిస్తోందా అనే దాని మీద కాదు. మొదట్లో భయపెట్టిన కొన్ని బరువుల అంచనాలు తగ్గిపోయాయి కూడా, కొన్నిటిలో వెలుగు నక్షత్రాలది కాదు, నడుమ ఉన్న బ్లాక్ హోల్ చుట్టూ ఉన్నది. రెడ్‌షిఫ్ట్ 16 అని హడావుడి చేసిన ఒకటి స్పెక్ట్రం తీస్తే 4.9 దగ్గర తేలింది. అన్నిటికంటే ముఖ్యంగా గమనించాల్సింది, మొదలులేని విశ్వం అయితే దూరాన కూడా మన పాలపుంత లాంటి పెద్ద, ముసలి గెలాక్సీలు ఉండాలి. వెబ్‌కి కనపడుతున్నవి మన దగ్గరి వాటికంటే చిన్నవి, బరువైన మూలకాలు తక్కువున్నవి. స్టెడీ స్టేట్ వాళ్ళు సంబరపడాల్సిన ఫొటోలు కావవి.

ఈ ఊపులోనే 2023 లో విశ్వం వయసు 2670 కోట్ల ఏళ్ళు అని ఒక పేపర్ వచ్చి వార్తల్లో మోగిపోయింది. టైర్డ్ లైట్‌నీ విస్తరణనీ కలిపి, ఫిజిక్స్ స్థిరాంకాలు కాలంతో మారతాయని ఇంకో మెలిక పెట్టి చేసిన మోడల్ అది. దానికి నా అభ్యంతరం ఒక్కటే, చాలా సింపుల్‌ది: విశ్వానికి అంత వయసుంటే 1800, 2000 కోట్ల ఏళ్ళ ముసలి నక్షత్రాలు ఎక్కడ? సూర్యుడి కంటే చిన్న నక్షత్రాలు హాయిగా అంతకాలం బతుకుతాయి. పాత నక్షత్రాల గుంపులు, గ్లోబ్యులర్ క్లస్టర్లు వెతికితే 1200, 1300 కోట్ల ఏళ్ళ దగ్గరే ఆగిపోతున్నాయి, ఎక్కడ చూసినా.

ఇప్పుడు రెండో పెట్టె తెరుద్దాం, అంటే ముందు ఏముంది అనేది. ఇక్కడ నిజాయితీగా చెప్పాల్సింది, విస్తరణని వెనక్కి తిప్పుకుంటూ పోతే సున్నా సెకను దగ్గర ఐన్‌స్టీన్ ఈక్వేషన్లు అనంతం అని చూపించి ఆగిపోతాయి, అక్కడ ఆ థియరీ పనికిరాదని దానర్థం, విశ్వం అక్కడే శూన్యంలోంచి పుట్టిందని కాదు. ఎక్కువమంది నమ్మేది ఇన్‌ఫ్లేషన్: 1980 ప్రాంతంలో స్టారోబిన్‌స్కీ, గూత్, తర్వాత లిండె, స్టైన్‌హార్ట్ వీళ్ళంతా తెచ్చింది, సెకనులో ఊహించలేనంత చిన్న భాగంలో స్పేస్ విపరీతంగా సాగిపోయిందని. విశ్వం ఇంత ఫ్లాట్‌గా (స్పేస్‌కి వంపు లేకుండా) ఎందుకుంది, ఆకాశం అటు చివరా ఇటు చివరా ఒకే టెంపరేచర్ ఎందుకుంది అనేవాటికి బాగా సరిపోతుంది. మరి ఇన్‌ఫ్లేషన్‌కి ముందో? బోర్డ్, గూత్, విలెంకిన్ 2003 లో చూపించింది ఏంటంటే సగటున విస్తరిస్తూనే ఉన్న విశ్వాన్ని గతంలోకి అనంతంగా లాగలేం, ఎక్కడో ఒక హద్దు వస్తుంది. దీన్ని పట్టుకుని విశ్వానికి మొదలుందని రుజువైంది అని కొందరు మతపరంగా వాడేస్తుంటారు, అదీ తప్పే, ఆ హద్దు అవతల వేరే ఫిజిక్స్ ఉండాలని మాత్రమే దాని అర్థం.

స్టైన్‌హార్ట్ కథ ఇంకా బాగుంటుంది. ఇన్‌ఫ్లేషన్ కట్టినవాళ్ళలో ఒకడై ఉండి తర్వాత దానికే పెద్ద శత్రువయ్యాడు, ఇన్‌ఫ్లేషన్ ఒకసారి మొదలైతే ఎక్కడో అక్కడ ఆగకుండా సాగుతూ లెక్కలేనన్ని విశ్వాల్ని పుట్టిస్తుంది, అన్ని రకాల ఫలితాలూ ఎక్కడో అక్కడ వస్తాయి, ఇక అది దేన్ని జోస్యం చెప్పినట్టు అని ఆయన వాదన. 2017 లో ఆయనా ఇంకో ఇద్దరూ ఒక పత్రికలో రాస్తే, గూత్, లిండె, హాకింగ్ సహా 33 మంది సంతకాలు పెట్టి జవాబిచ్చారు. ఆయన సొంత మందు ఎక్‌పైరోటిక్ మోడల్, 2001 లో టురాక్ తదితరులతో కలిసి, తర్వాత సైక్లిక్ మోడల్: విశ్వం నిదానంగా కుంచించుకుని, మళ్ళీ ఎగిసి విస్తరిస్తుంది, మనం బిగ్ బ్యాంగ్ అనేది ఆ మలుపు. సైక్లిక్ అనగానే పాత సమస్య ఒకటి గుర్తొస్తుంది, 1930ల్లోనే టోల్‌మన్ చెప్పాడు, ఎంట్రోపీ (చిందరవందరకి కొలత) ప్రతి సైకిల్‌లో పేరుకుపోతుంది, కాబట్టి ప్రతి సైకిలూ ముందుదానికంటే పెద్దది, వెనక్కి వెళ్తే చిన్నదై చిన్నదై మళ్ళీ ఒక మొదలు దగ్గరికే వస్తాం. కొత్త మోడల్స్ ఆ ఎంట్రోపీని విస్తరణలో పల్చగా పరిచేసి తప్పించుకుంటాయి.

పెన్‌రోజ్ ఇంకో దారిలో వెళ్తాడు, ఆయన విశ్వం కుంచించుకోదు కూడా. అనంతంగా విస్తరించి బ్లాక్ హోల్స్ కూడా ఆవిరైపోయి రేడియేషన్ మాత్రమే మిగిలాక, బరువు లేని కణాలకి టైం, దూరం అనే కొలతలు ఉండవు కాబట్టి ఆ అతి పెద్ద చల్లని విశ్వమూ, తర్వాతి విశ్వపు అతి చిన్న వేడి మొదలూ గణితంలో ఒకటే అయిపోతాయి అంటాడు. అందంగా ఉంటుంది, చదివితే మత్తెక్కుతుంది. కానీ దానికి ఎలక్ట్రాన్లతో సహా అన్ని కణాలూ ఎప్పటికో బరువు కోల్పోవాలి, అందుకు ఏ ఆధారమూ లేదు. 2010 లో ఆయనా గుర్జాద్యాన్ కలిసి మైక్రోవేవ్ మ్యాప్‌లో పాత విశ్వపు గుర్తులుగా వలయాలు కనపడ్డాయన్నారు, వేరే టీములు మామూలు మోడల్‌తో కంప్యూటర్‌లో తయారు చేసిన నకిలీ మ్యాపుల్లో వెతికినా అలాంటి వలయాలే దొరికాయి. ఆయనకి 2020 లో నోబెల్ వచ్చింది బ్లాక్ హోల్స్ పనికి, దీనికి కాదు, వీడియోల్లో ఆ రెంటినీ కలిపేస్తుంటారు.

గ్రావిటీనీ క్వాంటమ్ ఫిజిక్స్‌నీ కలపాలని చూసే అష్టేకర్, బోజోవాల్డ్ వాళ్ళ లూప్ క్వాంటమ్ లెక్కల్లో సాంద్రత ఒక స్థాయి చేరగానే గ్రావిటీ వికర్షణగా మారి విశ్వం వెనక్కి ఎగురుతుంది, అనంతం అనేది రాదు. హార్ట్‌ల్, హాకింగ్ 1983 లో చెప్పిందేమో టైం అనేదే మొదట్లో స్పేస్‌లా ప్రవర్తిస్తుంది కాబట్టి మొదలు అనే అంచే ఉండదు అని. ఈ రెండూ నాకు పెన్‌రోజ్ దానికంటే గట్టివిగా అనిపిస్తాయి, చేతిలో ఈక్వేషన్లు ఉన్నాయి కాబట్టి, కొలత మాత్రం దేనికీ లేదు.

బ్లాక్ హోల్ లోపల ఉన్నామా? 1972 లో పాత్రియా ఈ ఆలోచన పెట్టాడు. హబుల్ రేడియస్ (విస్తరణ వేగం వెలుగు వేగాన్ని చేరే దూరం) లోపల ఉన్న మొత్తం బరువుకి బ్లాక్ హోల్ రేడియస్ ఎంతో లెక్కేస్తే ఆ హబుల్ రేడియస్‌కే సమానంగా వస్తుంది, దీన్ని చూసే అందరూ ఎగిరి గంతేస్తారు. నిజానికి స్పేస్ ఫ్లాట్‌గా ఉన్న ఏ విశ్వంలోనైనా ఆ రెండూ సమానంగానే వస్తాయి, విస్తరణ రేటుకీ సాంద్రతకీ లంకె చెప్పే ఫ్రీడ్‌మన్ ఈక్వేషన్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి రాస్తే అదే. పైగా బ్లాక్ హోల్‌లో సింగ్యులారిటీ (సాంద్రత అనంతమయ్యే చోటు) భవిష్యత్తులో ఉంటుంది, అందరూ దాని వైపు పోతారు, మన విశ్వంలో అది గతంలో ఉంది, అందరం దాన్నించి వచ్చాం. కాబట్టి ఇంకో విశ్వపు బ్లాక్ హోల్ అవతలి వైపు ఎగిసిన ముక్క మన విశ్వం అని చెప్పేవే, అంటే స్మోలిన్ 1992 లో చెప్పినటువంటివీ, స్పేస్‌కి మెలిక కూడా ఉంటుందనే పోప్లావ్‌స్కీ టార్షన్ మోడల్ లాంటివీ, కొంచెం ఆలోచించదగ్గవి.

మూడో పెట్టె, అంటే వేగం ఎందుకు పెరుగుతోందన్నది, ప్రస్తుతం అన్నిటికంటే వేడిగా ఉంది. స్టాండర్డ్ జవాబు కాస్మలాజికల్ కాన్‌స్టంట్, ఖాళీ స్పేస్‌కే మారని ఎనర్జీ ఉందని. కారణం ఏదైనా, ఇలా వేగం పెంచేదాన్ని డార్క్ ఎనర్జీ అంటారు. గ్రావిటీనే మార్చి పని కానిద్దామన్న థియరీలు బోలెడు ఉండేవి, వాటిల్లో చాలా వాటికి 2017 ఆగస్టు 17 న ఒక్క దెబ్బతో పని అయిపోయింది. 13 కోట్ల లైట్ ఇయర్స్ దూరంలో రెండు న్యూట్రాన్ స్టార్లు (చనిపోయిన నక్షత్రాల అతి దట్టమైన శేషాలు) గుద్దుకుంటే గ్రావిటేషనల్ వేవ్, అంటే స్పేస్‌లోనే పుట్టే అల, వచ్చిన 1.7 సెకన్లకే గామా కిరణాలు వచ్చాయి, అంటే రెండిటి వేగమూ ఒకటే, ఆ థియరీలేమో తేడా ఉండాలన్నాయి. విల్ట్‌షైర్ టైంస్కేప్ అని ఇంకోటి ఉంది, డార్క్ ఎనర్జీయే లేదు, పెద్ద పెద్ద శూన్య ప్రదేశాల్లో గడియారాలు గెలాక్సీల్లో కంటే వేగంగా నడుస్తాయి కాబట్టి సగటు తీసేటప్పుడు వేగం పెరిగినట్టు కనపడుతోంది అని. 2024 డిసెంబర్‌లో సూపర్‌నోవా డేటాకి బాగా సరిపోతోందని వాళ్ళ పేపర్ వచ్చింది. ఆలోచన మంచిదే గానీ ఆ గడియారాల తేడా మూడో వంతు దాకా కావాలి, మామూలు లెక్కల్లో అంత రాదు, మైక్రోవేవ్ డేటాకి కూడా అంతే బాగా సరిపోతుందని చూపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

దీనికంటే నేను కళ్ళు పెట్టుకుని చూస్తున్నది డెసీ సర్వే, గెలాక్సీల దూరాలతో విస్తరణని కొలిచేది. 2024 ఏప్రిల్‌లో ఒకసారి, 2025 మార్చిలో కోటిన్నర దాకా గెలాక్సీలు, క్వేసార్లతో ఇంకోసారి ఫలితాలు ఇచ్చారు, మిగతా డేటాతో కలిపి చూస్తే డార్క్ ఎనర్జీ కాలంతో బలహీనపడుతోందేమో అనిపిస్తోంది, ఏ సూపర్‌నోవా లిస్టు కలిపారన్న దాన్ని బట్టి 2.8 నుంచి 4.2 సిగ్మా (ఫలితం యాదృచ్ఛికం కాదనడానికి ఉన్న బలం కొలత). కనిపెట్టాం అని చెప్పుకోవాలంటే 5 కావాలి. దీనికి తోడు హబుల్ టెన్షన్, అంటే ఇప్పటి విస్తరణ రేటు మీద పేచీ, ఉండనే ఉంది, మెగాపార్సెక్‌కి సెకనుకి కిలోమీటర్లలో ప్లాంక్ డేటా నుంచి 67.4 వస్తుంటే, దగ్గరి నక్షత్రాలూ సూపర్‌నోవాలతో రీస్ టీం కొలిస్తే 73 వస్తోంది, రెండూ మొండికేసి కూర్చున్నాయి. నన్నడిగితే కొత్త ఫిజిక్స్ వస్తే ఈ రెండు పగుళ్ళలోంచే వస్తుంది. యూక్లిడ్ శాటిలైట్, రూబిన్ అబ్జర్వేటరీ రెండూ పనిలోకి దిగాయి కాబట్టి డేటాకి కొరత ఉండదు.

చివరగా, ముందు ఏముందన్న ప్రశ్నకి కొలత అసలు సాధ్యమా అంటే ఒక్క దారి ఉంది. ఇన్‌ఫ్లేషన్ జరిగుంటే అది గ్రావిటేషనల్ వేవ్స్ పుట్టించాలి, వాటి ముద్ర మైక్రోవేవ్ పోలరైజేషన్‌లో (తరంగాలు ఏ దిశలో ఊగుతాయన్న దాంట్లో) మెలికల్లాగా ఉండాలి. ఎక్‌పైరోటిక్ మోడల్ అయితే మనకి అందేంత ఉండవు. 2014 మార్చిలో బైసెప్ టీం దొరికాయని ప్రకటిస్తే ప్రపంచమంతా ఊగిపోయింది, ఏడాది తిరక్కుండానే అదంతా మన గెలాక్సీ దుమ్ము వల్ల అని తేలింది. 2021 లో వాళ్ళే ఇచ్చిన పరిమితి 0.036 కంటే తక్కువ, అంటే సాంద్రత హెచ్చుతగ్గులతో పోలిస్తే ఆ తరంగాల బలం అంతకు మించి ఉండదని, దాంతో సింపుల్ ఇన్‌ఫ్లేషన్ మోడల్స్ చాలా వరకూ పోయాయి. చిలీలో సైమన్స్ అబ్జర్వేటరీ ఇంకా కిందకి వెతుకుతోంది, జపాన్ వాళ్ళ లైట్‌బర్డ్ శాటిలైట్ తర్వాత వెళ్ళాలి. దొరికితే స్టైన్‌హార్ట్ తన మోడల్ పోయినట్టే అని ముందే ఒప్పుకున్నాడు. దొరక్కపోతే మాత్రం ఇన్‌ఫ్లేషన్ వాళ్ళు ఇంకా తక్కువ బలం ఉండే మోడల్ ఒకటి జేబులోంచి తీస్తారు, ఆ వర్గంతో నా పేచీ కూడా అదే.